ఎమ్మే చదివి ఏం చేస్తావు?

2025 సంక్రాంతికి ఊరికి బయలుదేరే ముందురోజు రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పండక్కి ఏమైనా తెమ్మంటాడేమో అనుకున్నాను. "అన్నయ్యా, నీతో ఒక పని పడింది. అమ్మాయి ఎమ్మే చదువుతానంటోంది. భాషాశాస్త్రమట. నా మాట చెవిన పెట్టడం లేదు. నువ్వు చెబితే వింటుంది, ఎలాగైనా మాన్పించు" అన్నాడు. వాడి గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువగా వినిపించింది. సరే, వచ్చాక మాట్లాడదాంలే అన్నాను.

ఈ పని నాకే అప్పగించడంలో ఒక చిత్రముంది. చదువు విషయంలో మా ఇంట్లో ఎవరికి అన్యాయం జరిగిందని అడిగితే, ముప్ఫైయేళ్ళుగా నాకేనని చెప్పుకుంటూ వస్తున్నవాణ్ణి నేను. 1996లో బియ్యస్సీ పూర్తిచేశాను. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ గణితంలో సీటు వచ్చింది. అదే వేసవిలో ఐసెట్ రాస్తే ఎమ్‌సీఏలోనూ వచ్చింది. రెండోదానిలో చేరాను. ఆ తరవాతి కథ మా తరంలో వేలమందిదే: చెన్నై, బెంగుళూరు, కొన్నాళ్ళు పైదేశం, చివరికి హైదరాబాదు. ఉద్యోగం నాకు అన్నం పెట్టింది, ఇల్లు కట్టించింది, ఆ మాట కాదనను. కానీ నలుగురు స్నేహితులు చేరినచోట గణితం ప్రస్తావన వస్తే చాలు, "నాకూ ఎమ్మెస్సీ సీటొచ్చింది గానీ, మా నాన్న వద్దన్నాడు" అని ఒక నిట్టూర్పు విడిచేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మాది చీరాల పక్కన నేతపేట. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నాన్న గుంటమగ్గంలో కూర్చుని మమ్మల్నిద్దరినీ పెంచాడు. 1991లో నూలు ధరలు మండిపోయి చేనేత కుటుంబాలు పస్తులున్న రోజులు నాకు బాగా గుర్తు. నేతగాళ్ళ ఆకలిచావుల వార్తలు పత్రికల్లో వచ్చిన సంవత్సరమది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు గణితం చదువుకుంటానంటే తండ్రి ఒప్పుకుంటాడా? ఈ తర్కం వినేవాళ్ళందరికీ సబబుగానే తోచేది. నాకూ తోచేది.

తమ్ముడు ఇంటర్‌తో చదువు ఆపి చీరల కొట్టు పెట్టుకున్నాడు. వాడికి ఒక్కతే కూతురు. గుంటూరులో గణితం, సంఖ్యాశాస్త్రం, కంప్యూటర్లతో బియ్యస్సీ మూడో సంవత్సరంలో ఉంది అప్పటికి. మార్కులకి కొదవలేదు. ఆ పిల్ల దారి గురించి ఇంట్లో ఎవరికీ సందేహమే లేదు: ఎమ్మెస్సీ సంఖ్యాశాస్త్రమో, ఎమ్‌బీయ్యేనో, డేటా ఉద్యోగమో. మధ్యలో ఈ భాషాశాస్త్రం ఎక్కడినించి వచ్చిందన్నది తమ్ముడికి అంతుపట్టని సంగతి.

భోగి నాడు భోజనాలయ్యాక వసారాలో చేరాం. నాన్న పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు, కునుకు పట్టిందనే అనుకున్నాం. తమ్ముడు నావైపు అదోలా చూసి, పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు. నేను గొంతు సవరించుకుని, "ఏమ్మా, ఎమ్మే చదివి ఏం చేస్తావు?" అని మొదలుపెట్టాను. ఆ ప్రశ్న నా నోట్లోంచి వెలువడగానే నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే ఎంత కుమిలిపోయేవాణ్ణో తెలిసీ అడిగాను.

అమ్మాయి జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఒక పాత నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. 2020లో కాలేజీలూ బళ్ళూ మూతబడి ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ తాతయ్య దగ్గర కూర్చుని కండెలు చుడుతూ, మగ్గం తాలూకు మాటలన్నీ రాసుకుందట. పడుగు, పేక, నాడె, ఆసు, అచ్చు వంటివి నాకూ తెలుసు. కానీ పుటలు తిరగేస్తున్నకొద్దీ నేను మరిచిపోయినవీ, అసలెప్పుడూ విననివీ కనిపించాయి. నూలు తెగితే ఒక మాట, చిక్కుపడితే ఇంకొకటి, అంచు కుదరకపోతే మరొకటి. ప్రతి మాటకీ ఎదురుగా ఎవరు చెప్పారో, ఏ వాక్యంలో వాడారో కూడా రాసుకుంది. అమ్మమ్మగారి ఊరైన మంగళగిరిలో అదే పనిముట్టుకి వేరే పేరుంటే దాన్నీ పక్కనే చేర్చింది.

"ఇది నేనొక్కదాన్నే చేస్తున్నాననుకున్నాను పెదనాన్నా. కాలేజీ గ్రంథాలయంలో చూస్తే ఎప్పుడో చేసేశారు" అంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం గురించి ఆ పిల్ల చెబుతుంటే వింటూ కూర్చున్నాను. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. ఊరూరా తిరిగి, ఆ పని చేసేవాళ్ళ నోటివెంట విని కూర్చినవి. ఆ కృష్ణమూర్తిగారు పుట్టింది మా పక్కనే, ఒంగోలులో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్స్ చదివి, అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో పీహెచ్‌డీ పుచ్చుకుని, తిరిగివచ్చి ఉస్మానియాలో భాషాశాస్త్రశాఖని నిలబెట్టినవారు. "ఆయన చేసి యాభైయేళ్ళు దాటింది. ఈ మధ్యలో మాటలు ఎన్ని పోయాయో, ఎన్ని మారాయో ఎవరు చూడాలి? మన వీధిలో మగ్గం ఆడుతున్నది తాతయ్యదొక్కటే. అదీ ఎప్పుడో ఒకసారి" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో తమ్ముడికిచ్చిన మాట మరిచిపోయాను. మాన్పించడానికి కూర్చున్నవాణ్ణి ఎగదోయడం మొదలుపెట్టాను. చదువమ్మా, నీకు నచ్చిందే చదువు, డబ్బు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు, నాలాగా జీవితమంతా వగచకు అన్నాను. సి.ఆర్. రావుగారి కథ ఎత్తుకున్నాను. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, ఏదో ఉద్యోగానికని కలకత్తా వెళ్ళి, అది రాక, అక్కడి భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో 1941లో శిక్షణకి చేరిన కుర్రవాడు ప్రపంచప్రసిద్ధ శాస్త్రవేత్త అయిన వైనం, నూటరెండేళ్ళు జీవించి 2023లో కన్నుమూసేదాకా వర్ణించి వర్ణించి చెప్పాను. ఎమ్మే కాగానే ఎమ్‌ఫిల్‌లో చేరు, ఆ తరవాత...

"ఎమ్‌ఫిల్ ఇప్పుడు లేదు పెదనాన్నా. 2022 నిబంధనల్లో తీసేశారు" అంది అమ్మాయి మెల్లిగా. ఒక్క నిమిషం ఆగి, "మీరు నా గురించే చెబుతున్నారా, మీ గురించా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

నాకేం తోచలేదు. అలవాటైన మాటే నోటికొచ్చింది. "అది కాదమ్మా, నాకూ అప్పుడు ఎమ్మెస్సీ సీటొచ్చింది. తాతయ్య వద్దన్నాడు..."

"నేనెప్పుడు వద్దన్నానురా?"

నాన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు. వసారాలో చప్పుడు లేదు. "నువ్వే వచ్చి, విశాఖపట్నం వెళ్ళను నాన్నా, కంప్యూటర్లలో చేరతానన్నావు. నీ ఇష్టం అన్నాను. గణితం చదివితే ఏమొస్తుందో నాకేం తెలుసు, వద్దనడానికి?"

కాదందామనుకున్నాను. కానీ గుర్తొచ్చింది. మగ్గం గుంట పక్కన నిలబడి, రెండు ఉత్తరాలూ చేత్తో పట్టుకుని, ఏది చెప్పాలో ముందే నిర్ణయించుకుని వెళ్ళి చెప్పాను. నాన్న నేత ఆపి, "నీ ఇష్టం" అన్నాడు. అంతే జరిగింది. భయపడింది నేను. ఎమ్మెస్సీ చదివితే తరవాత ఏముందో నాకు చెప్పగలిగినవాళ్ళు లేరు. జాతీయ అర్హత పరీక్ష అనేది ఒకటుందనీ, అందులో నెగ్గితే పరిశోధనకి వేతనం దొరికే వీలుందనీ అప్పటికి నాకు తెలియదు. అవతల కంప్యూటర్ల చదువుకి ఎంత జీతమొస్తుందో మాత్రం ఊరంతా చెప్పేది. ఒకవైపు అంకె ఉంది, ఇంకోవైపు చీకటి ఉంది. అంకె వైపు వెళ్ళాను. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ నిర్ణయాన్ని తీసుకెళ్ళి ముప్ఫైయేళ్ళపాటు నాన్న నెత్తిన పెట్టడంలో ఉంది.

నాన్న మళ్ళీ కునుకులోకి జారుకున్నాడు, లేదా అలా కనిపించాడు. నేను అమ్మాయిని ఒక తెల్లకాగితం తెమ్మన్నాను. తమ్ముణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టాను. నాలుగు గళ్ళు గీశాం: ఎక్కడ చదవొచ్చు, గడువు ఎప్పుడు, డబ్బు ఎవరు పెట్టాలి, మధ్యలో ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది. ఆ సాయంత్రమంతా ఆ గళ్ళు నింపడంతోనే సరిపోయింది.

ముందు సంఖ్యాశాస్త్రం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశపరీక్ష ఉంది. గణితసాంఖ్యకం అందులో ఒక విభాగం. పరీక్ష ఫిబ్రవరిలోనే, కానీ దరఖాస్తులు ముందు యేడు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అయిపోతాయి. మేం కాగితం ముందేసుకున్నది జనవరిలో. ఆ తలుపు మాకు తెలియకుండానే మూసుకుపోయింది. కళాశాలలో ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పలేదంది. భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో ఎమ్‌స్టాట్‌కి ప్రవేశపరీక్ష వేసవిలో ఉంటుంది. సీటు దొరకడం బహుకష్టం, దొరికితే మాత్రం నెలనెలా వాళ్ళే ఉపకారవేతనం ఇస్తారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి 2022లో మొదలైన ఉమ్మడి పరీక్ష, సీయూఈటీ పీజీ. దానికి దరఖాస్తుల కాలం అప్పుడే నడుస్తోంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకైతే పీజీసెట్, అది ఇంకా తరవాత.

భాషాశాస్త్రానికి ఏ డిగ్రీ చదివినవాళ్ళైనా సాధారణంగా అర్హులే. హైదరాబాదులోనే మూడుచోట్ల ఉంది: హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఇంగ్లీషు విదేశీభాషల విశ్వవిద్యాలయం. దూరం వెళ్ళగలిగితే ఢిల్లీలో ఉంది, పుణెలో డెక్కన్ కళాశాల ఉంది. ఇక్కడే తమ్ముడికి తెలియని విషయం ఒకటి బయటపడింది. సంఖ్యాశాస్త్రం తెలిసిన భాషాశాస్త్ర విద్యార్థి అరుదైన మనిషి. యంత్రాలకి తెలుగు నేర్పే పనిలో ఆ రెండూ కావాలి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషాసాంకేతికతల మీదే ఒక పరిశోధనకేంద్రం ఉంది. నా ఉద్యోగంలో అలాంటి పని చేసేవాళ్ళని నేను చూస్తూనే ఉన్నాను. అయితే ఆ మాట చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్తపడ్డాను. అమ్మాయి వెళ్ళాలనుకుంటున్నది మగ్గాల దగ్గరికి, యంత్రాల దగ్గరికి కాదు. రెండోది ఆసరా మాత్రమే.

ఆ తరవాత చేదు గడి. ఎమ్మేతో నేరుగా వచ్చే ఉద్యోగాలు తక్కువ. భాషాశాస్త్రశాఖలున్న కళాశాలలే కొద్ది. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీలు ఏళ్ళతరబడి భర్తీకాక, పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ఒప్పంద ఉద్యోగాల్లో, అతిథి అధ్యాపకులుగా తలలు నెరిసేదాకా ఉండిపోవడం అందరూ ఎరిగినదే. దీన్ని దాచి ఆ పిల్లని పంపడం ద్రోహమవుతుంది. తమ్ముడి బెంగలో నిజముందని అమ్మాయి ఎదుటే ఒప్పుకున్నాను. వాడు కొద్దిగా సర్దుకు కూర్చున్నాడు.

డబ్బు గడిలో రాసింది ఇది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో రుసుములు ప్రైవేటు చదువులతో పోలిస్తే చాలా తక్కువ. అసలు ఖర్చు కాలమే. జాతీయ అర్హత పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, భాషాశాస్త్రం అందులో ఒక విషయం. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ పైన 42,000 రూపాయలు. 2023లో పెంచిన మొత్తాలివి. రాకపోతే పరిశోధన చాలా ఇరుకుగా సాగుతుంది. కనుక ఎమ్మే రెండో ఏడాదిలోనే ఆ పరీక్షకి కూర్చోవడం తప్పనిసరి అని కింద గీత గీశాం.

తమ్ముడు అమెరికా మాట ఎత్తాడు. వీధిలో ఇద్దరు పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్ళారు మరి. అక్కడి లెక్క వేరు. మానవశాస్త్రాల్లో మాస్టర్స్‌కి చాలావరకు మన జేబులోంచే పెట్టుకోవాలి. పీహెచ్‌డీకైతే పేరున్న విశ్వవిద్యాలయాలు రుసుము మాఫీ చేసి, పాఠాలు చెప్పించుకునో పరిశోధనలో సాయం తీసుకునో వేతనమిస్తాయి. దరఖాస్తులు డిసెంబరు, జనవరుల్లో ముగుస్తాయి. ముగ్గురు గురువుల సిఫారసు లేఖలు కావాలి. మనకి మూడేళ్ళ డిగ్రీ కనుక ఇక్కడ ఎమ్మే చేసి వెళితే బలంగా ఉంటుంది. అప్పుచేసి మాస్టర్స్‌కి పంపడం కంటే, ఇక్కడ చదివి, అక్కడ వేతనంతో పరిశోధనకి వెళ్ళడం మేలని ముగ్గురికీ అనిపించింది.

ఇంకొక దారి కూడా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక చాలాచోట్ల డిగ్రీలో నాలుగో సంవత్సరం చదివి ఆనర్స్ తీసుకోవచ్చు. అలా చదివినవాళ్ళకి పీజీ ఒక్క ఏడాదిలో అయిపోయే ఏర్పాటు ఉంది. 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకే అర్హత. కానీ విషయం మార్చుకుంటున్న పిల్లకి అది లాభం కాదు. కొత్త శాస్త్రానికి పునాది కావాలంటే రెండేళ్ళ ఎమ్మే ఉండాల్సిందే.

చివరి గడి, మధ్యలో ఆగితే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అడగడం అపశకునమనుకుంటారు. మేం అడిగాం. ఎమ్మే అయ్యాక నచ్చకపోతే, చేతిలో బియ్యస్సీ సంఖ్యాశాస్త్రం అలాగే ఉంటుంది, వయసు ఇరవైమూడు దాటదు. పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఆగితే నష్టం ఎక్కువ. కాబట్టి ముందు రెండేళ్ళు ఒక మెట్టు, అక్కడ నిలబడి మళ్ళీ ఆలోచించడం. ఇది రాసుకున్నాక అమ్మాయి ముఖం తేలికపడింది. విచిత్రంగా తమ్ముడి ముఖం కూడా. ఆ పిల్ల జీవితమంతా ఒక్క సంతకంతో తేలిపోతుందని వాడు భయపడుతున్నాడు. రెండేళ్ళు అనేసరికి వాడికి ఊపిరాడింది.

సి.ఆర్. రావుగారి కథ నేను చెప్పకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది. మహానుభావుల కథలు ధైర్యానికి పనికొస్తాయి గానీ లెక్కకి పనికిరావు. అదే కాలంలో అదే దారిలో వెళ్ళి పేరు లేకుండా పోయినవాళ్ళ కథ మనకెవరూ చెప్పరు. అలాగే నా కథ కూడా. వగచినవాడు ఇచ్చే సలహాకి, భయపడినవాడు ఇచ్చే సలహాకి తేడా అట్టే లేదు. ఇద్దరూ ఎదుటిపిల్లని చూడటం మానేసి తమని తాము చూసుకుంటూ మాట్లాడతారు.

ఆ రాత్రే సీయూఈటీ దరఖాస్తు నింపాం. ఒకటికంటే ఎక్కువ పేపర్లు ఎంచుకునే వీలుంది కనుక భాషాశాస్త్రం, సంఖ్యాశాస్త్రం రెండూ పెట్టింది. మార్చిలో రాసింది. ఆ వేసవి అయ్యాక హైదరాబాదులో ఎమ్మే భాషాశాస్త్రంలో చేరింది. సంఖ్యాశాస్త్రంలోనూ వచ్చేదేమో, ఆఖర్న అటువైపు చూడనేలేదు. వాళ్ళ నాన్న హాస్టల్ దాకా పెట్టె మోసుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా రెండు చీరలు చేతిలో పెట్టి వెళ్ళాడు. చేరి ఏడాదైనా కాలేదు, ఇది మంచి నిర్ణయమో కాదో చెప్పే స్థితిలో అప్పటికి ఎవరం లేం. ఊళ్ళో ఎవరైనా అడిగితే తమ్ముడు "హైదరాబాదులో పీజీ" అంటాడు. ఏ పీజీ అని ఇంకా తరచి అడిగితే, "కంప్యూటర్లకి సంబంధించిందేలే" అంటాడు. పోనీ, అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆదివారాలు ఆ పిల్ల వాళ్ళ తాతయ్యకి ఫోన్ చేసి మాటలడుగుతుంది. నాన్నకి చెవుడు ముదిరింది, ఫోను ఏ చెవికి పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడి, ఆ తరవాత వీధంతా వినిపించేలా జవాబు చెబుతాడట. మొన్నొకసారి, "నువ్వు రాసుకున్నది తప్పు. అది అచ్చు అతికేటప్పుడు అనే మాట కాదు, ఆసు పోసేటప్పుడు అనేది" అని దిద్దాడని చెప్పి నవ్వింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లో పిల్లవాడో ఉండొచ్చు. చరిత్ర చదువుతాననో, భౌతికశాస్త్రం చదువుతాననో, తత్త్వశాస్త్రమనో మెల్లిగా గొంతు విప్పవచ్చు. అప్పుడు ఏం చేస్తావని అడగకండి, ఆకాశానికెత్తకండి కూడా. దరఖాస్తు గడువు ఎప్పుడో ముందు చూడండి. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, మధ్యలో ఆగితే ఏమవుతుందో కాగితం మీద కలిసి రాయండి. మీ కథ చెప్పాలనిపిస్తే అది ఆఖర్న చెప్పుకోవచ్చు. చెప్పేముందు మాత్రం, అందులో మీరు ఎవరి నెత్తిన ఏం పెడుతున్నారో ఒకసారి సరిచూసుకోండి. నాకు ఆ మాట చెప్పడానికి ఎనభైకి దగ్గరపడ్డ మనిషి కునుకు మానుకోవాల్సి వచ్చింది.